అక్క తెరవని గేటు

నా చిన్నప్పుడు ఒక రైలు గేటు దగ్గర జరిగిన సంగతిని చివరిదాకా విన్నవాళ్లు ఇంతవరకు ఒక్కరూ లేరు. చిన్న లైను తీసేసి పెద్ద లైను వేసినప్పుడు పెట్టిన సభలో నన్ను పెద్దమనిషినని ముందు వరుసలో కూర్చోబెట్టారు, శాలువా కప్పారు, మైకు చేతికిచ్చారు. నేను గేటు మాట ఎత్తగానే వెనుక నుంచి ఒకాయన వచ్చి "టైమైంది పెద్దాయనా" అని మైకు తీసేసుకున్నాడు. ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత లైను చరిత్ర రాస్తున్నామని కొందరు కుర్రాళ్లు ఇంటికొచ్చారు. ఇంజిన్ ఎట్లా ఉండేది, బొగ్గు ఎక్కడ పోసేవారు, టికెట్ ఏ రంగులో ఉండేది అని అడిగి రాసుకున్నారు. అక్క గురించి చెప్పబోతే చాయ్ తాగి లేచారు. ఇంట్లోవాళ్లు కూడా "మళ్ల మొదలు పెట్టినవా" అంటారు. అందుకని ఎవరినీ ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా రాస్తున్నాను.

మాది ఇబ్రహీంపట్నం. మా ఊరికి అప్పుడూ రైలు లేదు, ఇప్పుడూ లేదు. దాని మీద నా ఫిర్యాదు వేరే ఉంది, అది ఇంకోసారి. పడమటి దిక్కుకు బండి కట్టుకొని సగం పొద్దు పోతే కాచిగూడ నుంచి పాలమూరు వైపు పోయే చిన్న లైను తగిలేది. నిజాం కాలంలో వేసిన లైను అది. రానూ పోనూ ఒకటే పట్టా. అటు నుంచి వచ్చే బండి, ఇటు నుంచి పోయే బండి ఏదో ఒక స్టేషన్లో ఆగి ఒకదానికొకటి దారి ఇచ్చుకోవాలి. పల్లికాయ బస్తాలు, ఆముదాలు, కాలం వచ్చినప్పుడు సీతాఫలాల గంపలు ఆ లైను మీదనే పట్నం చేరేవి. ఇంజిన్ చిన్నదే అయినా దాని చప్పుడుకు మా ఎడ్లు బెదిరేవి.

ఆ లైను మీద ఒక చిన్న స్టేషన్ ఉండేది. దాని పేరు రాయను. ఇప్పుడక్కడ పనిచేసే వాళ్లకు ఈ సంగతితో ఏ సంబంధమూ లేదు. స్టేషన్‌కు ఇవతల, బండ్ల బాట పట్టాలను దాటే చోట, రెండు చెక్క రెక్కల గేటు, దానికో గొలుసు, తాళం. పక్కనే మనుషులు దాటడానికి ఒక ఇరుకు సందు. ఆ గేటు పక్క రైలువాళ్లు ఇచ్చిన గుడిసెలాంటి ఇంట్లో, కోఠీ అనేవాళ్లం దాన్ని, మా పక్కింటి అక్క కాపురం ఉండేది. ఆమె పుట్టింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా ఇంట్లో తిని మా ఇంట్లో పడుకొని పెరిగిన మనిషి. గేటు చూసే ఆయనకు ఇచ్చి పెళ్లి చేశారు.

నేను చెప్పే నాటికి ఆ బావ కనిపించక కొన్ని నెలలైంది. సరుకులకని పట్నం పోయినవాడు మళ్లీ రాలేదు. నిజాం మీద పోరాడే సంఘంలో కలిశాడని కొందరు అన్నారు. దారిలో పట్టుకుపోయి చంపేశారని కొందరు అన్నారు. నిజమేదో ఇప్పటికీ తెలియదు. ఆ రోజుల్లో ఆ గేటుకు ఇంకొకరు వచ్చి ఉండేవాళ్లు కూడా లేరు. అందుకని అక్కే తాళంచెవి మెడలో వేసుకొని గేటు మూసేది, తెరిచేది, జెండా పట్టుకొని నిలబడేది. స్టేషన్‌వాళ్లకు తెలుసు. తెలిసి ఊరుకున్నారు.

నిజాం తరఫున మా ఊళ్ల మీద పడి తిరిగే తుపాకుల దండు పేరు పుస్తకాల్లో ఉంది. నేను మాత్రం ఇప్పటికీ ఆ పేరు నోటితో అనను. మా ఇంట్లో వాళ్లను లారీవాళ్లు అనేవారు, నేనూ అంతే అంటాను. సర్కారుకు కొలవాల్సిన లెవీ ధాన్యం దాచాడని ఆ లారీవాళ్లు మా బాపును కొట్టారు. మోకాలి కింద ఎముక చిట్లింది. వానాకాలం, పుండు పట్టింది. కాలు కుండలాగా ఉబ్బి, జ్వరంలో ఏదేదో మాట్లాడేవాడు. పట్నం దవాఖానకు తీసుకుపోకపోతే కాలుతో ఆగదని వైద్యుడు మా తాతకు చెప్పాడు.

పట్నానికి దగ్గర దారి తుర్కయాంజాల్ మీదుగా. కాని ఆ దారిలో లారీవాళ్లు బండ్లు ఆపి, మనుషుల్ని దింపి చూస్తున్నారు. వాళ్లు కొట్టిన మనిషినే మళ్లీ వాళ్ల ముందుకు తీసుకుపోవడానికి తాత ఒప్పుకోలేదు. చుట్టు తిరిగి రైలెక్కించాలని అనుకున్నాడు. "గేటు కాడ మన పిల్లనే ఉన్నది, ఫికర్ లేదు" అన్నాడు. తెల్లవారకముందే బండి కట్టారు. తాత, మా మేనమామ, బండిలో గడ్డి మీద బాపు, బాపు తల ఒళ్లో పెట్టుకొని నేను. దారంతా బురద. చక్రం దిగబడినప్పుడల్లా బాపు పళ్లు కొరుక్కునేవాడు. ఆ చప్పుడు నాకు వినబడేది.

మేం గేటు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రైలు వచ్చే వేళ. దూరంగా సిగ్నల్ రెక్క అప్పుడే కిందికి వాలింది. అక్క గొలుసు తగిలించి తాళం వేస్తోంది. స్టేషన్ పట్టాలకు అవతలి పక్క, మేం ఇవతల. కన్నులకు కనబడుతోంది.

తాత బండి దిగి నవ్వుతూ పోయాడు. "బిడ్డా, మేమే. జర తెరువు."

అక్క మమ్మల్ని చూసింది. బండిలోకి తొంగిచూసి బాపు కాలు చూసింది. ఆమె ముఖం మారింది గాని చెయ్యి తాళం మీదికి పోలేదు.

"రెక్క వాలింది తాతా. ఇగ తెర్వరాదు."

"మేమెక్కాల్సింది గా బండే గదనే!"

"గా బండి కోసమే మూసిన తాతా. ఏ బండొస్తదో కూడ నాకు తెల్వది. రెక్క వాలితే మూసుడే."

మా మామ కోపిష్టి. ముందుకొచ్చాడు. "కూత లేదు, పొగ లేదు. కన్ను మూసి తెరిచేలోపు దాటుతం. మీ కాక సచ్చిపోతుంటె గీ చెక్క అడ్డం పెట్టి నిలబడ్డవా? మా ఇంటి బువ్వ గింత జల్ది అరిగిందా నీకు?"

"బువ్వ అరగలే మామా," అంది అక్క. కళ్లలో నీళ్లు తిరిగాయి. "కని తెర్వ."

"పెద్ద రైలు దొరసానివైనవ్ తియ్!"

ఆమె కోఠీలోకి పోయి తన నులక మంచం ఈడ్చుకొచ్చింది. మనిషి పోవచ్చు, బండి పోరాదు, మంచం మీద మోసుకుపోండి అంది. ఇరుకు సందులో మంచం పట్టదు. గేటు మీది నుంచి ఎత్తి అవతలికి దించాలి. తాత ఒక పక్క, మామ ఒక పక్క, మధ్యలో అక్క భుజం పెట్టి ఎత్తారు. బాపు అరిచిన అరుపుకు నేను చెవులు మూసుకున్నాను. మంచం అవతలికి చేరాక అక్కను కూడా పట్టమని తాత అడిగాడు. స్టేషన్ దాకా ముసలివాడు మోయలేడు గదా. గేటు విడిచి రానని అంది. తాత ఉమ్మేసి, మంచం కోళ్లు భుజానికెత్తుకున్నాడు. ఇద్దరూ నాలుగడుగులకోసారి దించుతూ, ఎత్తుతూ పోయారు.

నేను ఎడ్ల దగ్గర ఉండిపోయాను. మా బండి గేటుకు ఎదురుగా అట్లాగే నిలబడి ఉంది, అటూ ఇటూ బురద, పక్కకు తీసే దారి లేదు. అక్క ఒక జొన్నరొట్టె ముక్క తెచ్చి "తిను తమ్మీ" అంది. పొద్దుట నుంచి ఏమీ తినలేదు. అయినా తల తిప్పుకున్నాను. ఆమె దాన్ని అరుగు మీద పెట్టింది. అంతవరకు ఈ లోకంలో నాకు బాగా ఇష్టమైన మనుషుల్లో ఆమె ఒకతె. ఆ ఘడియలో ఆమె మీద నాకున్నంత పగ మా బాపును కొట్టినవాళ్ల మీద కూడా లేదు. వాళ్లు పరాయివాళ్లు. ఆమె మా మనిషి.

రైలు రాలేదు. ఎంతసేపు గడిచిందో చెప్పలేను. ఆ రోజుల్లో బండ్లకు వేళాపాళా పోయింది, బొగ్గు దొరకక కొన్ని, దారిలో ఆపితే కొన్ని ఆలస్యమయ్యేవి. మంచం ఇంకా స్టేషన్ చేరలేదు. మా తాత తలపాగా దూరంగా తెల్లగా కనబడుతూనే ఉంది.

అప్పుడు వెనుక నుంచి లారీ వచ్చింది.

మా బండి వెనుక ఆగి హారన్ మోగించింది. ఎడ్లు బెదిరాయి. నేను ముకుతాళ్లు పట్టుకొని వేలాడాను. నలుగురైదుగురు దూకారు, తుపాకులున్నాయి. వాళ్ల పెద్ద, నడుముకు తోలు పటకా కట్టినవాడు, గేటు దగ్గరికి నడిచాడు.

"ఫాటక్ ఖోల్," అని ఉర్దూలో గేటు తెరవమన్నాడు.

"బండొస్తుంది సాబ్."

"ఏ బండి? ఎక్కడుంది బండి?" తెలుగులోనే అడిగాడు. మా దిక్కు మనిషే. "కూత కూడ లేదే?"

"రెక్క వాలింది సాబ్. బండి పోయినంక తెరుస్త."

అతను అవతలికి చూశాడు. మంచం మోసుకుపోతున్న ఇద్దరూ కనబడ్డారు. వేలు చూపించాడు. "గా ముసలోనికి తెరిచినవ్. మాకు తెర్వవా? ఎవరు వాళ్లు? నీ సంఘపోళ్లా?"

ఇంకో మాట అయితే లారీ మనుషులు పరుగున పోయి మంచాన్ని పట్టుకుంటారు. బాపును గుర్తు పడతారు.

అక్క మెల్లగా అంది, "తెర్వలే సాబ్. గా బండి సూడు. తెరిస్తె ఎడ్లబండి ఈడ ఎందుకుంటది? పానం మీదున్న మనిషి. మా ఊరోడు. ఆనికే తెర్వలే."

అతను మా బండిని చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "ఏయ్ పోరడా. ఇటు రా. నిజం చెప్పు. తెరిచిందా లేదా?"

ఆమెను కాపాడాలని నేను అనుకోలేదు. ఆ మాట ఇక్కడ స్పష్టంగా రాస్తున్నాను. లోపల ఉడుకుతున్నదంతా బయటికి తన్నుకొచ్చింది, అంతే. "తెర్వలే! మా తాత బతిమిలాడిండు, తెర్వలే. మా మామ తిట్టిండు, తెర్వలే. మా బాపును గేటు మీదికెల్లి ఎత్తి పడేసిన్రు. గీమెకు మేమెవ్వరం కాదట. గీమె ఎవ్వరికి తెర్వది!" అని ఏడుస్తూ అరిచాను. ముక్కు కారుతోంది. ఎడ్ల తాళ్లు వదల్లేదు.

లారీ మీద ఉన్నవాడు ఒకడు నవ్వాడు. "పోరడు సచ్ బోల్తా, నిజం చెప్తుండు" అన్నాడు. పటకా అతని మొహంలో అనుమానం పోయింది. మంచం సంగతి మరిచిపోయాడు. కాని అహంకారం పోలేదు. గొలుసు పగలగొట్టమని ఒకణ్ని పంపాడు. అక్క తాళానికి వీపు ఆనించి నిలబడింది. వాడు తుపాకి మడమతో ఆమె భుజం మీద కొట్టాడు. మంచం ఎత్తిన భుజమే. మోకాళ్ల మీద కూలబడింది, మళ్లీ లేచి అక్కడే నిలబడింది. ఇంకో దెబ్బకు వాడు చెయ్యి ఎత్తాడు.

పట్టాలు జుమ్ముమన్నాయి. కూత లేకుండా, గుట్ట మలుపు తిరిగి, ఒక బండి వచ్చేసింది. అది మేం ఎదురుచూసే బండి కాదు. ముందు ఇసుక బస్తాలు పేర్చిన పెట్టె, వెనుక పెట్టెల నిండా తుపాకులు పట్టుకున్న మనుషులు. ఈ లారీవాళ్ల మనుషులే. స్టేషన్లో కూడా ఆగకుండా, మా ముందు నుంచి దుమ్మూ పొగా కొట్టుకుంటూ పోయింది. నేలంతా అదిరింది. తాళం పగలడం ఒక్క దెబ్బ ముందు జరిగి ఉంటే మా ఎడ్లూ నేనూ, వెనుకనే లారీ, పట్టాల మీద ఉండేవాళ్లం.

సిగ్నల్ రెక్క మళ్లీ పైకి లేచింది. అక్క మెడలోంచి తాళంచెవి తీసి, ఎడమచేత్తో గొలుసు విప్పింది. కుడిచెయ్యి లేవడం లేదు. మా ఎడ్ల ముకుతాడు తనే పట్టుకొని ముందు మా బండిని దాటించింది. తర్వాత లారీ దాటింది. పటకా అతను ఆమె వైపు చూడలేదు. దాన్నీ నేను మరిచిపోలేదు.

మేం ఎక్కాల్సిన బండి ఆ తర్వాత చాలాసేపటికి వచ్చింది. బాపును ఎక్కించారు, మామ వెంట పోయాడు. తాత ఒక్కడే ఖాళీ మంచం ఈడ్చుకుంటూ గేటు దగ్గరికొచ్చాడు. ఉబ్బిన ఆమె భుజం చూశాడు. జరిగింది నేను చెప్పాను. విన్నాడు. గేటు దిమ్మె మీద కూర్చొని, "ఇంతకు మాకు తెరిచి ఉంటె ఏమయ్యేది బిడ్డా, మేం దాటిపోతుంటిమి గద" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"మీకు తెరిస్తె వాళ్లకెట్ల మూస్తుంటి తాతా?" అంది అక్క.

తాత తలపాగా విప్పి ఆమె భుజానికి కట్టాడు. రొట్టె ముక్క ఇంకా గుడిసె అరుగు మీదనే ఉంది. అడక్కుండానే తీసుకొని తిన్నాను.

కొద్ది రోజులకే మిలిట్రీ దిగింది. దాన్నే పోలీసు చర్య అన్నారు. లారీవాళ్లు ఎక్కడివాళ్లక్కడ మాయమయ్యారు. బాపు కాలు పూర్తిగా బాగుపడలేదు, కుంటితనం మిగిలింది, ప్రాణం మాత్రం దక్కింది. సీతాఫలాల గంపలతో నిండిన రైలుబండిలో తిరిగొచ్చాడు. ఆయన్ను తేవడానికి తాత, నేను మళ్లీ ఎడ్లబండి కట్టుకొని పోయాం. గేటు దగ్గర ఎవరో కొత్త మనిషి ఉన్నాడు. అక్క స్టేషన్ బయట, మూటా మంచమూ పక్కన పెట్టుకొని నేల మీద కూర్చొని ఉంది.

కొత్తగా వచ్చిన అధికారులు లైను పొడుగునా చూసుకుంటూ వచ్చారట. గేటు మనిషి ఏడని అడిగారట. లేడని తేలింది. సంఘంలో కలిశాడని ఎవరో చెవిలో వేశారు. అప్పటికి సంఘంవాళ్ల కోసం వెతుకులాట కొత్త సర్కారు తరఫున మొదలైంది. ఇన్ని నెలలు ఈ గేటుకు మనిషి లేడు, దిక్కులేకుండా పడి ఉంది అని అక్కడికక్కడే తేల్చేసి, కోఠీ ఖాళీ చెయ్యమన్నారు. 

మా తాత స్టేషన్ మాస్టరు దగ్గరికి పోయాడు. వెనుకనే అక్క, ఆమె వెనుక నేను. కొలువు కావాలని ఆమె అడగలేదు. కోఠీ కావాలని అడగలేదు. "ఆయన లేడు, ఆయన నౌకరి తీసేస్కోరి సారూ. కని గేటు దిక్కు లేకుంట లేదు. నేనున్న. మీరు చూసిన్రు. గా ఒక్క మాట వాళ్లకు చెప్పురి" అంది.

ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకూ పిల్లలున్నారు, రోజులు బాగాలేవు. బల్ల మీది సిరాబుడ్డిని ఇటు నుంచి అటు జరిపాడు. అటు నుంచి ఇటు జరిపాడు. ఆమె మొహం వైపు చూడలేదు. మేం బయటికొచ్చాం.

ఆమె మాతోపాటే ఎడ్లబండిలో ఊరికొచ్చింది. బావ తిరిగి రాలేదు. మా చెరువు కింద నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ బతికింది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. గడ్డిమోపు ఎవరైనా నెత్తికెత్తాల్సి వచ్చేది. నేను దగ్గరుంటే నేనే ఎత్తేవాణ్ని. గేటు దగ్గర తానున్నానని చెప్పమని ఆమె మళ్లీ ఎవరినీ అడగలేదు. ఆమె పోయాక నేను అడగడం మొదలుపెట్టాను. నిజాం రైలు పోయి కేంద్రం రైలు వచ్చింది, బొగ్గు పోయి డీజిల్, డీజిల్ పోయి కరెంటు వచ్చింది. ఇప్పుడా చోట గేటు లేదు, పట్టాల కింది నుంచి సిమెంటు దారి వేశారు, కార్లు ఆగకుండా పోతాయి. ఎవరొచ్చినా నేను అడిగాను. సంబంధిత ఆఫీసు వేరే అన్నారు. పాత సంగతులు అన్నారు. ఒకాయన అయితే నా ముందే ఆవలించాడు.

ఆ రోజు నుంచి నాతో ఉన్నది ఒకటే. నా కోసం ఒక్కసారి తెరవమని నేను ఎవరినీ, ఎక్కడా అడగలేదు. దవాఖాన వరుసలో, రేషన్ దుకాణంలో, నా కొడుకు నౌకరీ విషయంలో. మావాడే కదా అని ఎవరైనా నాకు దారి ఇవ్వబోతే వద్దన్నాను. ఇంట్లో తిట్లు తిన్నాను. మనవాళ్లకు తెరిచిన గేటు తుపాకి పట్టుకొచ్చినవాడికి మూసుకోదని నేను కళ్లతో చూశాను. నాకు ఎవరు ఏం చెప్పినా అది చెరగదు.

అందుకే ఇప్పుడు కూడా నాకోసం అడగడం లేదు. ఆమెకు రావాల్సిన జీతం అడగడం లేదు, బొమ్మ పెట్టమనడం లేదు. ఆ నెలల్లో ఆ గేటుకు దిక్కు లేదని మీ రైలువాళ్లు అన్నారు. దిక్కులేని గేటు దగ్గర ఒక్క ఎద్దు చావలేదు, ఒక్క మనిషి చావలేదు, నేను చావలేదు. రైలు నడిపేవాళ్లలో, లైను చరిత్ర రాసేవాళ్లలో ఎవరైనా సరే, ముఖం తిప్పుకోకుండా ఒక్కరు చెప్పండి. ఆ రోజు అక్కడ మనిషి ఉందా, లేదా?